రాసివ్వు, చెప్తాను

మా బంగ్లాలో పొద్దున తొమ్మిదిన్నరకే అర్ధరాత్రి అవుతుంది. లైట్ల వాళ్లు టిఫిన్లు ముగించి, చేతులు ప్యాంట్లకి తుడుచుకుని, దీపాల ముందు నీలం కాగితం కట్టగానే వెన్నెల వచ్చేస్తుంది. పొగ మిషను రెండు దగ్గులు దగ్గితే మంచు. అంతే. ఏడేళ్లుగా అదే వెన్నెల, అదే మంచు, అదే ఏడుపు.

మాది రోజువారీ సీరియలు. పద్దెనిమిది వందల ఎనభై ఆరు ఎపిసోడ్లు అయ్యాయి. ఒక పాత బంగ్లా, దానికో దొర. బంగ్లాలో ఆగిపోయిన గడియారాలు బాగుచేయడానికి వచ్చి, దొరని పెళ్లి చేసుకుని, తనే అక్కడ ఆగిపోయిన ఒక అమ్మాయి. ఆవిడ చిన్న దొరసాని. పైఅంతస్తులో దొరగారి చచ్చిపోయిన మొదటి పెళ్లాం, పెద్ద దొరసాని. ఈవిణ్ణి ఎవరూ ఎప్పుడూ చూడలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వస్తుంది, అంతే. ఆ వేషానికి మనిషినే పెట్టలేదు. ఏడేళ్లలో ఒక్క డైలాగు లేదు.

ఎనిమిది నెలలుగా ఈ బంగ్లాకి మాటలు రాస్తున్నది నేను. కాలేజీ డిబేట్లలో ఆరేళ్లు వాదించాను. అధ్యక్షా అనకుండా వాక్యం మొదలుపెట్టడం నేర్చుకోవడానికే ఇంకో ఏడాది పట్టింది. మా అమ్మ నన్ను పెళ్లివాళ్లకి చూపించేటప్పుడు, "పిల్ల కాస్త మాటకారి" అని చెప్పేది, ఇంటికి నిప్పంటుకుంటే "కాస్త వెచ్చగా ఉంది" అన్నట్టు.

ఆ సోమవారం చానెల్ మేడం మా గదికి వచ్చి, చూసేవాళ్ల అభిప్రాయాలు ఫోనులోంచి చదివింది.

"వినండి. 'వీళ్ల ప్రేమ కంటే మా అపార్ట్‌మెంటు లిఫ్టుకీ వాచ్‌మన్‌కీ మధ్య ప్రేమ నయం. వాళ్లు రోజూ తిట్టుకున్నా వదిలి ఉండరు.' దీనికి నాలుగు వేల మంది లైకు కొట్టారు."

డైరెక్టర్ గారు కళ్లజోడు తుడుచుకున్నారు. ఏ కష్టం వచ్చినా ఆయన కళ్లజోడే తుడుస్తారు.

నేను ఆగలేదు. "వాళ్లన్నది నిజమే మేడం. నలభయ్యో ఎపిసోడ్లో దొర ఆ పిల్లని గదిలో పెట్టి తాళం వేశాడు. పద్దెనిమిది వందల నలభయ్యో ఎపిసోడ్లోనూ అదే తాళం, అదే గది. ఆ పిల్ల ఏడ్చే తీరు కూడా మారలేదు. మారని మనుషుల మధ్య ఉండేది ప్రేమ కాదు, అలవాటు. ఈ సీరియల్లో ఏడేళ్లుగా ఒక్కరూ మారలేదు. ఒక్కరంటే ఒక్కరు."

"అయితే మార్చు," అంది మేడం, ఫోను సంచిలో పడేస్తూ. "శుక్రవారం ఎపిసోడ్లో ఆ పిల్ల తన ప్రేమ చెప్పాలి. చూసేవాళ్లు నమ్మాలి. నమ్మకపోతే నెలాఖరుకి బంగ్లాకి నిజంగానే తాళం."

అందరూ నా వైపు చూశారు. నేను మాత్రం తలుపు దగ్గర కాగితాల కట్టతో నిలబడ్డ బావ వైపు చూశాను.

బావ సంగతి చెప్పాలి. యూనిట్ మొత్తానికీ బావే, ఎవరికీ చుట్టం కాదు. మా దగ్గర డైలాగులు బట్టీపట్టే తీరిక ఎవరికీ ఉండదు. రోజుకి ఒక ఎపిసోడ్ తీసెయ్యాలి. అందుకని కెమెరా పక్కన ఒక మనిషి కాగితం పట్టుకుని ఒక్కో వాక్యం చదువుతాడు, నటులు అది విని అదే చెప్తారు. దాన్ని ప్రాంప్టింగ్ అంటారు. తర్వాత డబ్బింగ్‌లో ఆ గొంతులన్నీ తీసేసి, డబ్బింగ్ వాళ్ల గొంతులు పెడతారు. మా సీరియలుకి మొదటి రోజు నుంచీ ప్రాంప్టింగ్ చెప్పేది ఈయనే. చావు కబురైనా, ప్రేమ కబురైనా, బస్సు నంబరు చెప్పినట్టు చెప్తాడు. అందుకే 'భావం లేని బావ' అని పేరు పెట్టారు. వాడగా వాడగా ముందు భాగం అరిగిపోయి బావ మిగిలాడు.

ఆ బస్సు నంబరు గొంతు ఊరికే వచ్చింది కాదు. నాకంటే ముందు ఈ సీరియలుకి మాటలు రాసిన పెద్దావిడ, ఒక రోజు ఉన్నట్టుండి కలం మూసి వెళ్లిపోయింది. ఆవిడ నాకు వదిలిన నోటుపుస్తకంలో మొదటి పేజీ మీద ఎర్ర సిరాతో రెండే మాటలు. 'మెట్ల మీద ఆవిడకి డైలాగు ఇవ్వకు. ప్రేమ సీన్లకి ప్రాంప్టింగ్ భావం లేకుండా చెప్పాలి, మెట్లకి వీపు పెట్టి.'

మొదటిది ఇంకో నటిని పెట్టుకునే బాధ లేకుండా అనుకున్నాను. రెండోది వయసు తెచ్చిన చాదస్తం అనుకున్నాను. ఎందుకు అని చెప్పని నియమం కనపడితే నా నాలుక దురద పెడుతుంది.

ఇక అసలు సంగతి. నాకు బావ అంటే ఇష్టం.

రోజూ నాలుగింటికి షూటింగ్ ఫ్లోరు వెనక గోడ దగ్గర, తిరగేసిన చెక్కపెట్టెల మీద కూర్చుని టీ తాగేవాళ్లం. నేను మాట్లాడేదాన్ని, ఆయన వినేవాడు. జీవితమంతా నా మాట పూర్తికాకముందే చెయ్యెత్తేవాళ్లనే చూశాను. చివరిదాకా విని, "ఊఁ" అని, నేను రెండో గ్లాసు అడక్కముందే ముందుకు జరిపే మనిషిని మొదటిసారి చూశాను. మూడు నెలల కింద చెప్పేశాను.

"బావా, నేను నిన్ను ప్రేమిస్తున్నాను. దీనికి మూడు కారణాలు."

మూడూ విన్నాడు. నాలుగోది కూడా ఉందేమో అన్నట్టు కాసేపు ఆగాడు. తర్వాత, "చూద్దాం," అన్నాడు.

"చూడ్డానికి ఏముంది, సినిమానా? నాకు వినాలని ఉంది."

గ్లాసు అడుగున మిగిలిన టీ ఒకసారి తిప్పాడు. "నాకు సొంతంగా మాట్లాడ్డం రాదు రైటరమ్మా. ఏడేళ్లుగా ఇంకొకరి మాటలే నోట్లో నానుతున్నాయి. నావి ఏమయ్యాయో తెలీదు." అని నవ్వాడు. "రాసివ్వు, చెప్తాను."

సోమవారం మేడం వెళ్లిపోయాక నాకు గుర్తొచ్చింది ఆ మాటే. సరే, రాసిస్తాను అనుకున్నాను.

*

సీను ఇది. మెట్ల కింద చిన్న దొరసాని. మెట్ల మీద, తనలో తను కుమిలిపోతూ దొర. ఆవిడ ఆయన్ని కిందికి పిలుస్తుంది. మాటలన్నీ ఆవిడవే. పైకి చూడ్డానికి ఆవిడవి. నిజానికి, బావ నాతో ఏమంటే నా ప్రాణం కుదుటపడుతుందో అవన్నీ రాశాను. ప్రాంప్టింగ్‌లో ముందు ఆయనే చెప్పాలి కదా.

బుధవారం మధ్యాహ్నం మూడింటికి షాటు పెట్టారు. దొర వేషం వేసే ఆయన ఆ రోజు వేరే షూటింగ్‌లో ఉన్నాడు. ఆయన షాట్లు తర్వాత విడిగా తీసుకుంటారు, మాకది మామూలే. కానీ చిన్న దొరసాని చూపు నిలపడానికి మెట్ల మీద ఎవరో ఒకరు కూర్చోవాలి. నేను కూర్చుంటానన్నాను.

బయట వాన. రేకుల కప్పు మీద ఎవరో గింజలు చెరుగుతున్నట్టు ఒకటే చప్పుడు. ఫ్యాన్లు ఆపేశారు. తడిసిన ప్లైవుడ్ వాసన, వడ్రంగి జిగురు వాసన, వేడెక్కిన దీపాల మీద దుమ్ము మాడే వాసన, వాటన్నిటి మీదా పొగ మిషను తియ్యటి, జిడ్డు వాసన. నీలం వెన్నెల మెట్ల మీద నాలుగో మెట్టుదాకా పడుతోంది. ఆ పైన చీకటి.

మా మెట్లు పదకొండు. పదకొండో మెట్టు దగ్గర తలుపు. నిజం తలుపు కాదు, ప్లైవుడ్ మీద రంగులతో వేసిన బొమ్మ. గడియ కూడా బొమ్మే. దాని వెనక నాలుగు ఇనప గొట్టాలు, ఫ్లోరు గోడ. ఎవరూ ఎక్కని మెట్లకి ఎవరూ తీయని తలుపు చాలనుకున్నారు.

నేను మూడో మెట్టు మీద కూర్చున్నాను. కెమెరా నా పక్కనే, రెయిలింగు సందులోంచి చిన్న దొరసాని ముఖం మీదికి పెట్టారు. మామూలుగా బావ కెమెరా పక్కనే, మెట్లకి వీపు పెట్టి నిలబడతాడు. ఆ రోజు నేను ఆయన్ని ఆవిడ వెనక, వెలుతురు పడని చోట, నాకు ఎదురుగా నిలబెట్టాను.

"ఇక్కడెందుకు?" అన్నాడు.

"మాట ఆవిడ చెవిలోనే పడుతుంది." అది నేను తయారు చేసుకున్న కారణం. అసలు కారణం, ఆయన ముఖం నాకు కనపడాలి.

రిహార్సల్‌లో బస్సు నంబర్లు చెప్పాడు. చిన్న దొరసాని కూడా బస్సు ఎక్కేసింది. డైరెక్టర్ గారు కళ్లజోడు తీశారు.

"బావా," అన్నాను. "భావంతో చెప్పు."

కెమెరా బాబాయ్ తల పక్కకి పెట్టి చూశాడు. "పుస్తకంలో వద్దని ఉందిగా అమ్మాయ్. పెద్దావిడ ఆరేళ్లు పాటించింది."

"ఆరేళ్లు పాటించారు కాబట్టే లిఫ్టూ వాచ్‌మనూ గెలిచారు బాబాయ్."

ఎవరో నవ్వారు. బావ నవ్వలేదు. "వద్దులే రైటరమ్మా," అన్నాడు మెల్లగా. "నాకు అలవాటు లేదు. ఎటు పోతుందో."

ఎటు పోతుందో అంటే ఏమిటని అప్పుడు అడగాల్సింది. అడగలేదు. అందరి ముందూ, ఆయనకి ఒక్కడికే అర్థమయ్యేట్టు అన్నాను: "రాసివ్వమన్నావు. రాసిచ్చాను."

ఆయన నా వైపు చూశాడు. కాగితం పైకెత్తాడు.

"రోలింగ్," అన్నాడు కెమెరా బాబాయ్.

వాన కొంచెం తగ్గింది.

"నేను వచ్చినప్పుడు ఈ ఇంట్లో ఒక్క గడియారమూ నడిచేది కాదు."

అది బావ గొంతని పోల్చుకోవడానికి నాకు ఒక క్షణం పట్టింది. లోతుగా, కొంచెం వణుకుతూ... ఏడేళ్లు మూసిపెట్టిన గది కిటికీ తీస్తే వచ్చే మొదటి గాలిలా ఉంది. చిన్న దొరసాని కళ్లు పెద్దవయ్యాయి. ఆవిడ ఆ మాట మళ్లీ చెప్పింది. ఈసారి నిజంగా చెప్పింది.

మధ్యలో ఏదో ఉంది. ఆయన చెప్పడానికీ ఆవిడ చెప్పడానికీ మధ్య. నా వెనక, పైన. ఊపిరి పీల్చినట్టు.

పొగ మిషను అనుకున్నాను.

"ఇప్పుడు అన్నీ నడుస్తున్నాయి. నేనే ఆగిపోయాను."

ఈసారి చెక్క కిర్రుమంది. పై మెట్టెక్కడో. వానకి ప్లైవుడ్ ఉబ్బుతుంది, చప్పుడు చేస్తుంది. తెలిసిందే.

"మొదట నీకు భయపడ్డాను. తర్వాత జాలిపడ్డాను. తర్వాత మెట్ల మీద నీ అడుగుల చప్పుడు కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాను."

కిర్రు. కొంచెం కింద.

కిర్రు. ఇంకొంచెం కింద.

వెనక్కి తిరిగితే చిన్న దొరసాని చూపు చెదురుతుంది, షాటు పోతుంది. తిరగలేదు. షాటు కోసమే తిరగలేదని ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటాను.

"తలుపు తీసే ఉంచాను."

నేను కూర్చున్న మెట్టు కుంగింది. పార్కు బెంచీ మీద ఇంకొకరు వచ్చి పక్కన కూర్చుంటే ఎలా కుంగుతుందో, అలా... మర్యాదగా.

"దిగి రా."

కాగితంలో అదే చివరి వాక్యం. బావ కాగితం కిందికి దించాడు. ఆగాడు. తర్వాత అన్నాడు:

"ఇన్నాళ్లూ ఇంకొకరి మాటలే చెప్పాను. ఇది నా మాట. నువ్వంటే నాకు ప్రాణం."

అది నేను రాయలేదు. రాయనిది చెప్పాడు. మెట్టూ, చప్పుడూ, నా మెడ వెనక రోమాలూ, అన్నీ మర్చిపోయాను. నాకు కన్నీళ్లొచ్చాయి. చిన్న దొరసాని అలవాటు కొద్దీ ఆ మాటా అందుకుని చెప్పేసింది, చెప్తూ చెప్తూ నిజంగా ఏడ్చేసింది. డైరెక్టర్ గారు 'కట్' అనడం మర్చిపోయారు. అందరూ చప్పట్లు కొట్టారు. మేకప్ అమ్మ ముక్కు చీదింది.

నేను మెట్లు దిగి వస్తుంటే కెమెరా బాబాయ్ ఆపాడు.

"సీను బ్రహ్మాండం. కానీ బావ లుక్ తప్పింది."

"అంటే?"

"చీకట్లో ఉన్నా నాకు కనపడుతూనే ఉంది. చూపు నీ మీద లేదు. నీకు జానెడు పైన ఉంది, చివరిదాకా."

"ఆయన నటుడు కాదుగా బాబాయ్."

"అదే చెప్తున్నా," అన్నాడు లెన్సుకి మూత పెడుతూ. "నటుడైతే లేనిదాన్ని చూస్తాడు. నటుడు కానివాడు ఉన్నదాన్నే చూస్తాడు."

నేను వెనక్కి తిరిగి మెట్లకేసి చూశాను. ఎవరూ లేరు. మెట్లన్నీ మామూలుగానే ఉన్నాయి. పైన తలుపు బొమ్మ. బొమ్మలో తలుపు అంచు పక్కన, పై నుంచి కిందిదాకా, బొటనవేలంత వెడల్పు నల్లగీత. తలుపు కొద్దిగా తీసి ఉన్నట్టు.

పెయింటర్‌ని పిలిచాను. ఆయన పైదాకా ఎక్కి, వేలితో రాసి చూసి, వేలు వాసన చూశాడు. "తడి లేదమ్మా. పాత రంగే. నేను ఈ బొమ్మ ముట్టుకుని ఏడేళ్లయింది." దిగేటప్పుడు రెండేసి మెట్లు దిగాడు.

*

గురువారం పదకొండింటికి డబ్బింగ్ థియేటర్. చిన్న గది, గోడలకి స్పాంజి, ఒక తెర, ఒక మైకు. మాటల రచయిత అక్కడికి వెళ్లక్కర్లేదు. నేను వెళ్లాను. ఆ చివరి మాట ఇంకోసారి వినాలని. అంతకన్నా సిగ్గులేని కారణం ఏమీ లేదు.

చిన్న దొరసానికి ఏడేళ్లుగా గొంతిస్తున్నది డబ్బింగ్ అక్క. ఆ గొంతు కోసమే సీరియలు చూసేవాళ్లున్నారు. గోరువెచ్చటి నీళ్ల సీసా పక్కన పెట్టుకుని, హెడ్‌ఫోన్ మెడకి తగిలించుకుని కూర్చుంది.

"రావే మాటలపుట్టా," అంది. "ఏం రాశావే. నిన్నటి పైలట్ ట్రాక్ పొద్దున ఒకసారి విన్నా. ఒళ్లు జలదరించింది." పైలట్ ట్రాక్ అంటే షూటింగ్‌లో పడిన అసలు చప్పుడు. ప్రాంప్టింగూ, నటుల గొంతులూ, దగ్గులూ, అన్నీ కలిపి. డబ్బింగ్ వాళ్లు చెవిలో అది వింటూ, తెర మీద పెదాలు చూస్తూ చెప్తారు.

"బావ చెప్పింది బాగుంది కదక్కా."

"బావా బాగానే చెప్పాడు. ఆ రెండో అమ్మాయి అయితే అదరగొట్టింది. ఈసారి ఎంత దగ్గరగా వచ్చిందో."

"రెండో అమ్మాయి ఎవరు?"

అక్క సీసా మూత తిప్పుతూ ఆగింది. "మీ రెండో ప్రాంప్టరే. బావ చెప్పగానే మళ్లీ చెప్తుందిగా. తర్వాత నటి చెప్తుంది. నేను నటిని విననే, ఆ పిల్ల ముక్కుతో పలుకుతుంది. ఏడేళ్లుగా ఈవిణ్ణి విని చెప్తున్నా. ఈ గొంతు గొంతు అంటారే నన్ను, ఆవిడ పలికే తీరే అది."

నా ముఖం చూసి అక్క ముఖం మారింది.

"మీకు రెండో ప్రాంప్టరు లేదా?"

"లేదక్కా."

అక్క గొంతు తగ్గింది. తలుపు వేసే ఉంది, అయినా తగ్గింది. "మొదటి ఏడాది ఉత్త ఊపిరే ఉండేది. ఎవరో కొత్తపిల్ల, భయపడుతోంది అనుకునేదాన్ని. తర్వాత ఒకటీ అరా మాట. ఏమీ రాదు పాపం, ముద్దముద్దగా... నాకు నవ్వొచ్చేది. మూడో ఏటికి వాక్యాలు పట్టింది. ఇప్పుడు అన్నీ వచ్చు. ఒత్తులే పలకదు. భావం అనమంటే బావం అంటుంది." ఆగింది. "బావ అని మాత్రం చక్కగా అంటుంది. షాటు లేనప్పుడు కూడా అంటుంది. టేపు చివర్లో, అందరూ లేచి వెళ్లిపోయాక."

ఈ సీరియల్లో ఏడేళ్లుగా ఒక్కరూ మారలేదని సోమవారం బల్ల గుద్ది వాదించాను. ఓడిపోయాను. ఒకావిడ మారింది. మెట్టు మెట్టుగా, మాట మాటగా, ఎవరూ రాయకుండా.

హెడ్‌ఫోన్ తీసుకున్నాను.

వాన. రేకులు. కెమెరా బాబాయ్ 'రోలింగ్'. బావ: "నేను వచ్చినప్పుడు ఈ ఇంట్లో ఒక్క గడియారమూ నడిచేది కాదు."

తర్వాత... అదే వాక్యం, ఆడగొంతు. అక్క గొంతే అనుకోవచ్చు ఎవరైనా. భావం లేకుండా, బస్సు నంబరు చెప్పినట్టు. పాఠం అప్పజెప్పే పిల్లకి గురువు గొంతు వచ్చేస్తుంది కదా, అలా.

తర్వాత నటి.

"మొదట నీకు భయపడ్డాను..."

"మొదట నీకు బయపడ్డాను..." దగ్గరికొచ్చింది. మైకు ఉన్న చోటు నాకు తెలుసు. నా భుజానికి పక్కన, రెయిలింగుకి కట్టి ఉంది.

మెట్ల మీద నీ అడుగుల చప్పుడు కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టాను. తలుపు తీసే ఉంచాను. దిగి రా. నేను రాసిన మాటలే. ఎవరికి సరిపోతాయో చూసుకోకుండా రాశాను. ఏడేళ్లు మెట్ల మీద నిలబడి ప్రేమ మాటలు విన్న ఆవిడకి, మొట్టమొదటిసారి ఒక మగవాడు ముఖం ఎత్తి, మనసు పెట్టి చెప్పినవి అవే. ఆవిడకి డైలాగు ఇవ్వకన్నారు. నేను డైలాగు ఇవ్వలేదు. పిలుపు ఇచ్చాను.

"దిగి రా."

కాగితం కిందికి దించిన చప్పుడు. ఇప్పుడు ఆ మాట వస్తుంది. నేను రాయని మాట. ఆయనది.

వచ్చింది. కానీ ముందు వచ్చింది ఆవిడ గొంతు.

"ఇన్నాళ్లూ ఇంకొకరి మాటలే చెప్పాను," అంది, మైకు పక్కనే, మెల్లగా, భావం లేకుండా. "ఇది నా మాట. నువ్వంటే నాకు ప్రాణం."

ఒక క్షణం ఖాళీ.

అప్పుడు బావ, గొంతు వణుకుతుండగా, అక్షరం పొల్లుపోకుండా, అదే చెప్పాడు.

*

థియేటర్ నుంచి స్టూడియోకి పది నిమిషాల నడక. వాన వెలిసి ఎండ కాస్తోంది. రోడ్డు మీద నీళ్లు ఆవిరవుతున్నాయి. స్కూటర్ల హారన్లు, పాల వ్యాను, ఒక ముసలాయన గొడుగు ముడవలేక తిట్టుకుంటున్నాడు. పట్టపగలు. నేను నడుస్తూ ఒకటే వాక్యం తయారు చేసుకున్నాను. 'బావా, లే, ఇక్కణ్ణుంచి వెళ్లిపోదాం.' మూడు కారణాలు లేవు. ఒక్కటి కూడా చెప్పక్కర్లేదు.

ఆయన మా చోట్లోనే ఉన్నాడు. టీ వేళ కాకపోయినా రెండు గ్లాసులు తెచ్చి పెట్టాడు. నన్ను చూసి నవ్వాడు. అంత నిండుగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

నేను కావాలనే ఫ్లోరు గోడకి ఆనుకుని కూర్చున్నాను. వీపు మొత్తం ఇటుకలకి తగిలేట్టు. వెనక ఎవరికీ చోటు లేకుండా.

"బావా, నా చేతిలో కాగితం లేదు. నీ చేతిలోనూ లేదు. ఇప్పుడు చెప్పు. నిన్న చివర్న అన్నది నీ మాటేనా?"

ఆయన తలెత్తాడు. చూపు నా కళ్ల దాకా వచ్చి, నుదురు దాటి, జానెడు పైన ఆగింది.

ప్రాంప్టింగ్ వినే నటుల ముఖంలో ఒక ఆగుడు ఉంటుంది. రెప్ప వెయ్యరు. పెదాలు కొంచెం విడి ఉంటాయి. ఒక వాక్యం పట్టేంతసేపు. చూసేవాళ్లు దాన్ని మనసులోని బాధ అనుకుంటారు.

"నా మాటే," అన్నాడు. "నీకు నమ్మకం కుదరకపోతే మళ్లీ చెప్తాను. రోజూ చెప్తాను."

భావం మాత్రం ఎంత బాగా కుదిరిందో. మూడు నెలలుగా నేను ఎదురుచూసింది ఈ గొంతు కోసమే.

లేవాలి. చెయ్యి పట్టుకుని లాగాలి. నా వాక్యం నాలుక మీదే ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఏ వేదిక మీదా నేను ఎదుటివాళ్లకి ఆఖరి మాట వదల్లేదు. నోరు తెరిచాను.

మాట రాలేదు. రెప్ప కూడా పడలేదు. పెదాలు కొంచెం విడి ఉన్నాయి... నేను దేనికోసమో ఆగి ఉన్నాను.

వెనక గోడలోంచి, నా చెవికి జానెడు పైన, ఎవరో నెమ్మదిగా, బస్సు నంబరు చెప్పినట్టు చెప్పారు.

"నాకింక భయం లేదు బావా."

'భయం'లో ఒత్తు స్పష్టంగా పలికింది.

బావ నా ముఖంలోకి చూస్తూ, ఓపిగ్గా, నా వంతు కోసం ఎదురుచూస్తున్నాడు.